ఇరవై తొమ్మిదో తారీఖు

మా ఊరు రొసారియో, పరానా నది ఒడ్డున.
నా ఉద్యోగం కాటాలు తనిఖీ చేయడం.
మాంసం కొట్లలో, చేపల సంతలో, ధాన్యం ఎక్కించే రేవులో
ఇత్తడి రాళ్లు పెట్టి చూస్తాను
ముల్లు నిజం చెబుతోందా లేదా అని.
ఇరవై రెండేళ్లలో ఒక్క కసాయి కూడా
నా కళ్లు కప్పలేకపోయాడు.

నా కూతురు కప్పింది. ఏడు నెలలు.
వదులు స్వెట్టర్లు, "స్కూల్లో తినేశాను నాన్నా"లు.
నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను.

మార్చిలో ఐలేన్‌ని ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నాం.
స్నానాలగదిలోని కాటా తీసుకెళ్లి
ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాను,
జప్తు చేసిన దొంగకాటాల పక్కన.
వాటన్నిట్లో అదొక్కటే నిక్కచ్చిది.
మా ఇంటిని ముంచింది కూడా అదే.

డాక్టరమ్మ చెప్పింది:
బతిమాలొద్దు. బెదిరించొద్దు. మధ్యలో లేచిపోవద్దు.
తిండి గురించి తప్ప ఏదైనా మాట్లాడుకోండి.

అలా మా భోజనాల బల్ల మీదికి
వంతెన మీద ఆగిపోయిన లారీలు వచ్చాయి,
ఇసుకమేటలో ఇరుక్కున్న ఓడ ఒకటి వచ్చింది,
మా తొమ్మిదేళ్ల ఫౌస్తో వదిలేసిన గోల్స్ అన్నీ వచ్చాయి,
ఏదీ ఎందుకు తన తప్పు కాదో వివరాలతో సహా.
మీర్తా మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోర్కు వైపు చూసేది.
అందరం చూసేవాళ్లం, చూడనట్టు.

ఒక రాత్రి నావల్ల కాలేదు.
"చచ్చిపోవాలనుందా?" అని అరిచాను.
పళ్లెం ఎగిరి గోడకు తగిలింది.
ఎవరూ చెప్పకుండానే ఫౌస్తో గుడ్డ తెచ్చి తుడిచాడు,
తన చెయ్యి అందినంత మేర.
ఆ టమాటా మరక అక్కడే ఉంది.
రంగు వేయిస్తానంటే మీర్తా వద్దంది. ఎందుకో చెప్పలేదు.

మాకిక్కడ ఒక ఆచారం. నెల ఇరవై తొమ్మిదిన
ప్రతి ఇంట్లో బంగాళాదుంప న్యోకీలు.
పాత జీతం అయిపోయి, కొత్తది చేతికి రాక
పిండీ దుంపలూ తప్ప ఏమీ మిగలని రోజు.
వచ్చే నెల కలిసిరావాలని
ఒక్కో పళ్లెం కింద ఒక్కో నోటు పెడతారు.

ఆ రోజు మా అమ్మ నెలిదా వచ్చింది. ఎనభై ఒక్కేళ్లు.
డాక్టరమ్మ నియమాలు ఆమెకి చెప్పలేదు, చెప్పినా వినదు.
"నా వేళ్లు వంకరపోయాయే, వచ్చి గీతలు పెట్టు" అని
ఐలేన్‌ని వంటింట్లోకి పిలిచింది.
ఫోర్కు వీపు మీద ఒక్కో ఉండనీ దొర్లించడం,
బొటనవేలితో చిన్న నొక్కు.
మోచేతులదాకా పిండితో తెల్లబడి నా కూతురు.
నేను దొంగలా తలుపు చాటున నిలబడ్డాను.

బల్ల దగ్గర మళ్లీ మామూలే.
ఆవిరి ఆగిపోయింది. సాసు మీద పొర కట్టింది.
ఓడ కదిలిందట, అన్నాను. ఎవరూ పలకలేదు.

ఐలేన్ పళ్లెం ఎత్తి చూసింది.
నోటు లేదు. కాగితంలో చుట్టిన పాలపన్ను.
"నా దగ్గర డబ్బుల్లేవు," అన్నాడు ఫౌస్తో,
"ఎలుక కోసం దాచుకున్నా. దిండు కింద పెడితే
అదే డబ్బు పెట్టి పోతుంది. నువ్వు పెట్టుకో."
ఆ పళ్లెం మొదటి నుంచీ ఒక పక్కకి ఒరిగే ఉంది.
కాటాలు చూసేవాణ్ణి, నాకది పట్టలేదు.

"ఛీ," అంది ఐలేన్. పెదవి కొస కదిలింది.
తను గీతలు పెట్టిన వాటిలో ఒకటి తింది. తర్వాత ఇంకోటి.
నాలుగోది నోట్లో ఉండగానే ఏడ్చింది,
నమిలింది, ఏడ్చింది.
మా అమ్మ ఉప్పు తక్కువైందని
తన పళ్లెంలో చల్లుకుంటోంది.

మర్నాడు పొద్దున రొట్టె ముట్టలేదు.
మీర్తా పక్కనే కూర్చుంది, కాఫీ చల్లారిపోతుంటే.

నేను రేవుకి వెళ్లాను. ధాన్యం కాటా, పాతది.
రాయి పెట్టాను. ముల్లు ఊగింది,
అటు, ఇటు, మళ్లీ అటు.
కొత్తగా చేరిన కుర్రాడు ఆపబోయాడు.
చెయ్యి తియ్యరా, అన్నాను.
ఇద్దరం నిలబడి చూశాం.